హోల్ బాడీ ఎంఆర్‌ఐలో బొమ్మ బాగా రావాలంటే

సంపాదకులకు,

నేను ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. కొత్త మెషిన్ ఉంటే చాలు, హోల్ బాడీ డిఫ్యూజన్ స్కాన్ (ఒంట్లో నీటి అణువుల కదలికని బట్టి బొమ్మ తీసేది) దానంతటదే బాగా వస్తుందనుకుంటారు చాలామంది. రాదండీ. ఒంటిని ముక్కలుముక్కలుగా తీసి తర్వాత అతికిస్తాం, పక్కపక్క ముక్కల్లో అయస్కాంత క్షేత్రం సర్దుబాటు ఒకదానితో ఒకటి కలవకపోతే అతుకు దగ్గర వెన్నెముక మెట్టు పడినట్టు పక్కకి జరిగిపోయి కనిపిస్తుంది. నా చేతిలోనే ఒకసారి అలా వస్తే మళ్ళీ సర్ది ఆ ముక్క తీశాను, వెన్నెముక తిన్నగా వచ్చింది.

మెడ, భుజాల దగ్గర కొవ్వు సిగ్నల్ ఓ పట్టాన అణగదు. అక్కడ స్టిర్ (కొవ్వు సిగ్నల్‌ని అణిచే ఒక స్కాన్ పద్ధతి) నయం, కాకపోతే దాంతో అసలు సిగ్నల్ కూడా తగ్గుతుంది కాబట్టి ఎక్కువసార్లు తీసి సగటు కట్టాలి, దానికి టైమ్ పడుతుంది (తొందరలో మొదట కోత పడేది దీనికే!). ఊపిరి బిగబట్టించాల్సిన పని లేదు, మామూలుగా పీలుస్తుండగానే తీయొచ్చని 2004లోనే జపాన్‌లో తకహారా బృందం చూపించింది.

ఇంకోటి, బీ విలువ (డిఫ్యూజన్ ప్రభావం బొమ్మలో ఎంత బలంగా కనపడాలో చెప్పే అంకె) 800, 1000 పెట్టి తీసిన బొమ్మల్లో తెల్లగా మెరిసిందల్లా కణితి కాదు, ఏడీసీ మ్యాప్ (ఎక్కడ నీరు ఎంత సులువుగా కదులుతోందో కొలిచి చూపే బొమ్మ) పక్కన పెట్టుకుని చూడాల్సిందే. అది లేకుండా ఒక్క తెల్లమచ్చ బొమ్మ చేతికిస్తే పేషెంట్‌కి ఊరికే టెన్షన్.

— ఒక ఎంఆర్‌ఐ టెక్నీషియన్