దుర్గం కింద ఒక నీళ్ల ట్యాంకు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి నమస్కరించి రాస్తున్నది.

అయ్యా, నెల్లూరు అనగానే మీ అధికారులకు మైపాడు బీచ్, చేపల పులుసు గుర్తొస్తాయి. ఫ్లెమింగో పండగ కూడా మాదే అనుకునేవాళ్లం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేటతో పాటు ఆ పక్షులూ తిరుపతి లెక్కలోకి వెళ్లిపోయాయి. మా పడమటి మెట్టను మాత్రం కరువు మండలాల జాబితా రాసేటప్పుడే తలుచుకుంటారు. వానలు తక్కువ, బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఏప్రిల్ దాటితే మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరగదు. ఇవన్నీ నిజమే. అయినా జనం వచ్చి చూడాల్సినవి, కూర్చుని తినాల్సినవి ఇక్కడ ఉన్నాయనే ఈ ఉత్తరం.

మేం దుర్గం అని పిలిచే కోట కొండ సముద్రమట్టానికి 3,000 అడుగుల పైమాటే. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడిస్తే, 1514లో గానీ చిక్కలేదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి 1515లో హంపిలో ప్రతిష్ఠించాడు. ఇప్పుడు హంపికి ప్రపంచమంతా పోతోంది. మా దుర్గానికి దారెటని అడిగితే మేకల కాపరే దిక్కు.

కొండెక్కాలంటే మా లెక్క ఒకటుంది. తెల్లారకముందే బయల్దేరాలి, ఎండ ముదిరేలోపు కిందికి మళ్లాలి. నీళ్లు ఎవరివి వాళ్లే మోసుకోవాలి. వానలు పడ్డాక, సీతాఫలాలు పండే రోజుల నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. మే నెలలో సెలవులు కదా అని పిల్లలతో వచ్చేవాళ్లను చూస్తే మాకే టెన్షన్.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పొద్దున్నే పులిబొంగరాలు, ఎర్రకారం పూసిన దోస జిల్లా అంతటా దొరికేవే. మెట్ట రుచి తెలియాలంటే సజ్జ రొట్టె తినాలి. సజ్జపిండిని వేడినీళ్లతో మెత్తగా పిసికి, తడిగుడ్డ మీద అరచేత్తో గుండ్రంగా తట్టి, గుడ్డతో సహా ఎత్తి పెనం మీదకు తిప్పేస్తారు. అంచులు కాస్త మాడితేనే వాసన. పక్కన చింతకాయ పచ్చడి, కొరుక్కోను ఎర్రగడ్డ ఉంటే చాలు. ఆదివారమైతే రాగి సంకటి, నాటుకోడి పులుసు. ఇవి ఇళ్లలో ఉన్నాయి, హోటళ్లలో లేవు. బస్టాండు చుట్టూ ఫ్రైడ్ రైస్ బండ్లే. మీ శాఖ హోటల్ కట్టినా మెనూలో మొదట పనీర్ బటర్ మసాలా రాస్తుంది, నాకు తెలుసు. అందుకే హోటల్ వద్దంటున్నాను. డ్వాక్రా అక్కచెల్లెళ్లకు కొండ కింద నాలుగు రేకుల పాకలు, ఫ్లోరైడ్ లేని నీళ్లు ఇవ్వండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

దిగొచ్చినవాళ్లు దిలావర్ భాయ్ వీధిలోకి తప్పకుండా వెళ్లాలి. ఈ ఊరి సొంత సరుకని చెప్పే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న ఉదయగిరి చెక్క చెంచాలు అక్కడే పుడతాయి. ఆడవాళ్లు చెక్కను ఉలితో చెక్కి, ఆకురాయితో రుద్ది, ఉప్పుకాగితంతో నున్న చేస్తారు. గరిటె పిడి చివర చేప తోక తేలేదాకా చూస్తూ కూర్చోవచ్చు. నగరాల ఎగ్జిబిషన్లలో కొనేవాళ్లు ఆ చేతులను చూడరు, బేరం మాత్రం ఆడతారు.

సీతారామపురం వైపు ఘటిక సిద్ధేశ్వరం, ఇంకాస్త పోతే కొండను తొలిచి గుళ్లు కట్టిన భైరవకోన ఉన్నాయి. రెండో రోజుకు అవి సరిపోతాయి.

రోప్‌వే గురించి అప్పుడప్పుడూ మాటలు వినిపిస్తాయి. అంత దూరం పోవద్దు సార్. కొండ మొదట్లో ఒక మంచినీళ్ల ట్యాంకు, సగం దారిలో ఒక నీడ, దారి తప్పకుండా రాళ్ల మీద రంగు గుర్తులు చాలు. ఎక్కడానికి ఏ శాఖ అనుమతి కావాలో, ఎవరిని అడగాలో తెలుగులో ఒక బోర్డు రాయించండి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి మాత్రం ఖాయంగా కట్టించండి, కట్టాక తాళం వేయొద్దని కూడా చెప్పండి. నెల్లూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. శనివారం సాయంత్రం ఒక బస్సు, పడుకోను ఒక డార్మిటరీ ఉంటే కుర్రాళ్లు వాళ్లే వస్తారు.

ఈసారి సీతాఫలాల కాలానికల్లా ఆ ట్యాంకైనా పెట్టిస్తే, చూడటానికి మీరే రండి. కాన్వాయ్ కొండ కిందే ఆపాల్సి ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరదాం. మంచి బూట్లు వేసుకోండి.

ఇట్లు,
ఉదయగిరి వాసి