యాకోబు పత్రికతో గడిపిన ఏడాది: 2025 వార్షిక నివేదిక

ప్రియ సహోదరీ సహోదరులకు ప్రభువు పేరట వందనాలు.

సికింద్రాబాద్‌లోని మన కుటుంబాల సహవాసం ఈ ఏడాది ఏం చేసిందో కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి అక్క విడిగా అందజేశారు. వేసవి బైబిలు తరగతులు, క్రిస్మస్ కూడిక ఎప్పటిలాగే జరిగాయి. చెప్పవలసింది ఎక్కువగా మన వాక్య ధ్యానం గురించే.

ఈ ఏడాది చదివింది బైబిలు కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక, అంటే ఆయన రాసిన ఉత్తరం. ఐదే అధ్యాయాలు, రెండు నెలల్లో ముగుస్తాయనుకున్నాం. ఏడాదంతా పట్టింది. వాక్యం విని ఊరుకునేవాడు అద్దంలో ముఖం చూసుకుని, అవతలికి పోగానే తానెలా ఉన్నాడో మరిచిపోయేవాడి వంటివాడని మొదటి అధ్యాయంలోనే ఉంది. ఆ మాట దాటి ముందుకు వెళ్లడానికే మూడు కూడికలు పట్టాయి.

రెండో అధ్యాయం దగ్గర విశ్వాసమా, క్రియలా అని వాదన గట్టిగానే సాగింది. విశ్వాసమని చెప్పే పౌలు, క్రియలని చెప్పే యాకోబు ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు కదా, మరి ఈ తేడా ఎందుకని యువకులు అడిగారు. పాస్టరు గారు ఆదికాండం 15, 22 అధ్యాయాలను ఒకే సాయంత్రం చదివించారు. మొదటిది అబ్రాహాము దేవుని మాట నమ్మిన రాత్రి. రెండోది చాలా ఏళ్ల తర్వాత, ఆ నమ్మకంతోనే కొడుకును బలి ఇవ్వడానికి వెంటబెట్టుకుని కొండ ఎక్కిన రోజు. ఇంత తేటగా ఈ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఐదో అధ్యాయం నాలుగో వచనం మాత్రం మమ్మల్ని కదిలించింది. పొలం కోసినవారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేకలు ప్రభువు చెవిని పడ్డాయని యాకోబు రాశాడు. దానికి తోడుగా ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీశాం. పొద్దు కుంకకముందే కూలి ఇవ్వాలి, ఎందుకంటే అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. చదవడం అయ్యాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక అక్క చేతిసంచిలోంచి చిన్న డైరీ తీసి, వంటమనిషికి జీతం ఏ నెల ఏ తేదీన ఇచ్చారో చదివి వినిపించారు. ఎనిమిది, పదకొండు, తొమ్మిది. "మా ఆయన జీతం ఒకటో తారీఖునే పడుతుంది" అని మాత్రం అని కూర్చున్నారు.

నేనూ ఒప్పుకోవాలి. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు జ్వరం వచ్చిన నాలుగు రోజుల జీతం కోసుకున్నాను. ఆ మరుసటి ఉదయం ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టుకోలేదు, కొంగున ముడి వేసుకుంది.

అప్పటి నుంచి చాలా ఇళ్లలో జీతం ఒకటో తేదీకే ఇస్తున్నారు, నెలకు రెండు సెలవులు జీతంతోనే. అందరిళ్లలోనూ కాదు. కిరాణా దుకాణం నడిపే అన్న లేవీయకాండం 19లోని న్యాయమైన త్రాసుల మాట విని, తన కాటాను తూనికలు కొలతల శాఖ వారి దగ్గర సరిచూపించి ముద్ర వేయించుకున్నారు. ఎవరూ అడగకుండానే ఆయన చేసిన ఆ పని నాకు పెద్ద సాక్ష్యంగా తోచింది.

జనవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి బస్సులో మెదక్ చర్చికి వెళ్లాం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయాన్ని కరవు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర కట్టించారని, ఆకలితో ఉన్నవారికి పని చూపి తిండి పెట్టారని పిల్లలకు చెప్పాం. యాకోబు పత్రిక చదవడం మొదలుపెట్టింది ఆ నెలలోనే.

ఒక పని మాత్రం నిలబడలేదు. గాంధీ ఆసుపత్రిలో రోగుల వెంట ఉండేవారికి ఆదివారం భోజనం తీసుకెళ్లడం వేసవి తర్వాత ఆగిపోయింది. వండేవారు ఉన్నారు, మోసుకెళ్లేవారు చాలలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఇవ్వగలిగినవారు దయచేసి నాకు చెప్పండి.

వచ్చే ఏడాది పాత నిబంధనలోని తెకోవ ఊరి గొల్లవాడు ఆమోసు ప్రవచనాలు చదువుతాం. మొదటి కూడిక డైరీ చదివిన అక్క ఇంట్లోనే.

ప్రభువు సేవలో,
కార్యదర్శి