లెక్కలోకి రాని కణితులు

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ కేసులన్నిటినీ ఆసుపత్రులు ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలన్న చర్చ కొంతకాలంగా పత్రికల్లో నడుస్తోంది. 2022లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఇదే సిఫార్సు చేసింది. మంచిదే. కానీ ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన వాడిని కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఈ నిబంధనను ఎంత గట్టిగా అమలు చేసినా, పిల్లల్లోనూ పాతికేళ్లలోపు యువతలోనూ వచ్చే అరుదైన మెదడు కణితులు కొన్ని లెక్కకు అందవు.

అడ్డుపడేది ఒక అంకె. కణితికి కోడ్ వేసేటప్పుడు గీత పెట్టి చివర దాని స్వభావం తెలిపే అంకె రాస్తాం. సున్నా అయితే నిరపాయకరం, ఒకటి అయితే ఇదమిత్థంగా తేల్చలేనిది, మూడు అయితే క్యాన్సర్. మన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లో మొదలైంది. అందులో ఒక ప్రాంత జనాభాలో వచ్చిన కేసులన్నిటినీ నమోదు చేసే జనాభా రిజిస్ట్రీలకు కావలసింది చివర మూడు ఉన్న కేసులే. రిజిస్ట్రీ సిబ్బంది మా రికార్డు రూములో కూర్చుని కేసు షీట్లు తిరగేసేవారు. 9350/1 అన్న కోడ్ కనబడితే ఆ షీటు కట్టలోకి తిరిగి వెళ్లిపోయేది. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల చేతికిచ్చిన నిబంధన అది.

ఆ కోడ్ క్రానియోఫారింజియోమాది. పేరుకు క్యాన్సర్ కాదు. అయితే అది పెరిగేది పిట్యూటరీ గ్రంథి పక్కన, కంటి నరాలను ఆనుకుని. పిల్లవాడికి చూపు తగ్గుతుంది, ఎత్తు పెరగడం ఆగిపోతుంది. ఆపరేషన్ బాగా జరిగినా చాలామందికి థైరాయిడ్ మాత్ర, స్టెరాయిడ్ మాత్ర, బిందెలకొద్దీ నీళ్లు తాగించే అతిమూత్రానికి మరో మందు జీవితాంతం తప్పవు. కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరదు, ఒళ్లు విపరీతంగా వచ్చేస్తుంది, బడిలో తోటిపిల్లల వెక్కిరింపులు సరేసరి. పుర్రె లోపల ఇంత పని చేసే కణితిని ‘నిరపాయకరం’ పక్కన పెట్టడం కాగితం మీదే చెల్లుతుంది. జర్మనీలో మైన్జ్ నగరంలోని పిల్లల క్యాన్సర్ రిజిస్ట్రీ 1980 నుంచి పనిచేస్తోంది. ఆ దేశపు వైద్యులు ఈ కణితి వచ్చిన పిల్లలను ఏళ్ల తరబడి విడవకుండా గమనించారు. కణితిని ఆఖరి ముక్కదాకా తీయాలని పట్టుబట్టి, ఆకలిని అదుపు చేసే మెదడు భాగమైన హైపోథాలమస్‌ను దెబ్బతీస్తే పిల్లలు ఊబకాయంతో ఎంత బాధపడతారో అలా తేలింది. ఆ భాగాన్ని కాపాడుకుంటూ ఆపరేషన్ చేసి, మిగిలినదానికి రేడియేషన్ ఇచ్చే పద్ధతి బలపడింది. కేసు షీటు పక్కన పెట్టేసి ఉంటే ఇది తెలిసేదా?

అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే పరిస్థితి. క్యాన్సర్ కాని మెదడు కణితులను కూడా నమోదు చేయాలని 2002లో చట్టం చేసి, 2004 నుంచి అమలు చేశారు.

క్యాన్సర్ అని తేలినవాటికైనా పేరు నమోదు చేసి వదిలేస్తే చాలదు. మెదడు కాండంలో వచ్చే డీఐపీజీ అనే కణితి సోకిన పిల్లల్లో ఎక్కువమంది ఏడాది కూడా బతకరు. ఏ ఒక్క ఆసుపత్రికీ కేసులు సరిపడా రావు. అందుకే అమెరికాలోని సిన్సినాటి కేంద్రంగా 2012లో అంతర్జాతీయ రిజిస్ట్రీ పెట్టి స్కాన్లు, బయాప్సీ వివరాలు ఒకచోట చేర్చారు. ఐరోపా రిజిస్ట్రీతో కలిపి 1,008 మంది వివరాలు పరిశీలించి 2018లో ప్రచురించారు. రెండేళ్లు దాటి బతికినవాళ్లు 101 మంది. వాళ్లలో మూడేళ్లలోపు పసివాళ్లు, పదేళ్లు దాటినవాళ్లు ఎక్కువగా ఉన్నారు. ఎందుకు బతికారన్న ప్రశ్న వేయడానికైనా ముందు ఆ 101 మంది ఒక జాబితాలో కనబడాలి కదా!

ఇక మన సంగతి. ఖమ్మం జిల్లా పిల్లకు విజయవాడలో ఆపరేషన్, హైదరాబాదులో రేడియేషన్ జరగవచ్చు. రాయలసీమ కుటుంబాలు వేలూరుకో బెంగళూరుకో వెళ్తాయి. ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ స్లైడులు, కణితి ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో తల్లి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కుతుంది. ఆ సంచి తప్ప ఆ పిల్ల చరిత్ర పూర్తిగా మరెక్కడా ఉండదు. పిల్లల వార్డు వయసు దాటిందంటే మరీ అన్యాయం: పాత డాక్టరు చూడరు, కొత్త డాక్టరుకు ఆ కణితి కొత్త.

మన దగ్గర సరుకు లేదనడం సబబు కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి ఆపరేషన్‌కు అనుమతి కావాలంటే స్కాన్లు, రిపోర్టులు ట్రస్టుకు పంపాల్సిందే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ. పేర్లు వేరైనా ఫైళ్ల తీరు ఒకటే. వాటిని బిల్లు చెల్లించడానికి చూస్తున్నారు, బిల్లు అయ్యాక మూసేస్తున్నారు. వాటిలోంచి పాతికేళ్లలోపు మెదడు కణితి రోగులందరినీ, చివరి అంకె ఏదైనా సరే, ఏరి ఒక ఉమ్మడి రిజిస్ట్రీ మొదలుపెట్టవచ్చు. సొంత డబ్బుతో వైద్యం చేయించుకున్నవాళ్లనూ, పొరుగు రాష్ట్రాలకు వెళ్లినవాళ్లనూ తర్వాత చేర్చుకోవాలి. కణితి రకం, జన్యు పరీక్ష చేసి ఉంటే దాని ఫలితం, ఇచ్చిన చికిత్స రాసి, ఏటా ఒకసారి ఇంటికి ఫోను చేసి చూపు, చదువు, బరువు ఎలా ఉన్నాయో అడగాలి.

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధాల వేళ ఎవరికి తెలుస్తుందోనని వణికిపోతారు. వాళ్ల అనుమతి తీసుకోవాలి, పరిశోధకుల చేతికి వెళ్లే జాబితాలో పేరు, ఊరు ఉండకూడదు. అది చేయలేని పనేమీ కాదు.

దీనికి కొత్త భవనం, శిలాఫలకం అక్కర్లేదు. కోడింగ్ వచ్చినవాళ్లు, ఓపికగా ఫోను చేసేవాళ్లు కొద్దిమంది కావాలి. వాళ్లను మాత్రం పొరుగు సేవల కింద తీసుకుని ఏడాది తిరగకుండానే మార్చేయకండి. ఈ పనిలో పదేళ్ల తర్వాత కూడా అదే కుటుంబానికి ఫోను చేయాల్సి ఉంటుంది.

– ఒక విశ్రాంత వైద్య రికార్డుల ఉద్యోగి, ఖమ్మం