రాజీనామా తేదీ వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగం నుంచి కొన్నాళ్లు విరామం తీసుకోవాలా వద్దా అన్న చర్చ ఎక్కడ జరిగినా అలసట, కుటుంబం, ధైర్యం చుట్టూనే తిరుగుతుంది. అవి ముఖ్యమే, కాదనను. అయితే రాజీనామా పత్రం మీద వేసే తేదీ గురించి ఎవరూ మాట్లాడరు. రెండు మూడు నెలలు ఆగితే చేతికొచ్చే డబ్బు, ముందే అడిగితే నిలిచే బీమా ఆ తేదీతోనే పోతాయి. ప్రైవేటు ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

గ్రాట్యుటీ సంగతి చూడండి. ఏళ్ల తరబడి చేసిన సేవకు, వెళ్లేటప్పుడు సంస్థ ఒకేసారి ఇచ్చే మొత్తం ఇది. పర్మినెంటు ఉద్యోగికి ఒకే సంస్థలో 5 ఏళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి నెలకు 40 వేల రూపాయలు వస్తుంటే, దాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో మళ్లీ హెచ్చించాలి. 5 ఏళ్లకు దాదాపు 1,15,000 రూపాయలు. 4 ఏళ్ల 7 నెలలకు మానేస్తే రూపాయి కూడా రాదు. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది గానీ, అన్ని సంస్థలూ దాన్ని ఒప్పుకోవు. విశ్రాంతి కోసం మానేసిన మనిషి ఆ డబ్బు కోసం తగవు పెట్టుకోవడం కంటే ఇంకో అయిదు నెలలు ఆగడమే మేలు. అయిదేళ్లు దాటినవారికీ తేదీ ముఖ్యమే. 6 నెలలకు మించిన కాలాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కనుక 6 ఏళ్ల 5 నెలలకు వెళ్తే 6 ఏళ్లే, 6 ఏళ్ల 7 నెలలకు వెళ్తే 7 ఏళ్లు. పై జీతానికి ఆ తేడా సుమారు 23 వేలు.

పీఎఫ్ (భవిష్య నిధి) విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు, మానేసిన వెంటనే మొత్తం తీసేయాలని చూడటం. నిరంతర సర్వీసు 5 ఏళ్లు నిండకముందే తీసుకుంటే సాధారణంగా పన్ను పడుతుంది. పాత సంస్థల పీఎఫ్‌ను బదిలీ చేసుకుని ఉంటే ఆ సర్వీసూ కలుస్తుంది. బదిలీ చేసుకోనివారికి కలవదు. అందుకే ముందు ఖాతాలన్నీ ఒక్క యూఏఎన్ (సంస్థ మారినా మారని పీఎఫ్ నంబరు) కిందికి తెచ్చుకోవాలి. విరామ కాలంలో డబ్బు అలాగే ఉంచినా వడ్డీ పడుతుంది, కానీ ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీ మీద పన్ను కట్టాలి. పీఎఫ్‌తో పాటు జమయ్యే పెన్షన్ నిధిది వేరే లెక్క. నెలవారీ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి. 7 ఏళ్లు చేసినవారు ఆ కొద్దిపాటి డబ్బు తీసేసుకుంటే ఏడేళ్ల సర్వీసూ పోతుంది. డబ్బుకు బదులు, చేసిన సర్వీసును నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగి చేరాక మరో 3 ఏళ్లు చేస్తే చాలు.

ఇంకో చిన్న చిక్కుంది. పాత సంస్థ పీఎఫ్ రికార్డులో మీరు వైదొలగిన తేదీ నమోదు చేయకపోతే క్లెయిమ్ గానీ బదిలీ గానీ కదలదు. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని ఉద్యోగే పీఎఫ్ పోర్టల్లో నమోదు చేసుకోవచ్చు. దానికి ఆధార్‌తో అనుసంధానమైన సొంత ఫోన్ నంబరు ఉండాలి. ఆఫీసు ఇచ్చిన సిమ్ మీద ఇవన్నీ నడిపినవారు సిమ్ అప్పగించకముందే నంబరు మార్చుకోవాలి.

అన్నిటికంటే నాకు ఆందోళన కలిగించేది ఆరోగ్య బీమా. సంస్థ ఇచ్చే గ్రూపు పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ముగుస్తుంది. ఆ తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న బీపీ, షుగర్ వంటి జబ్బులకు 36 నెలల దాకా నిరీక్షణ కాలం ఉండొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుల ఖర్చు పాలసీ ఇవ్వదు. అదే బీమా కంపెనీలో గ్రూపు నుంచి వ్యక్తిగత పాలసీకి మారితే ఇప్పటికే గడిచిన కాలం కలిసివస్తుంది. కంపెనీ ఆరోగ్య వివరాలు అడుగుతుంది, వైద్య పరీక్షలు చేయించమనొచ్చు. కనుక నెలన్నర ముందే దరఖాస్తు పెట్టాలి. గ్రూపు పాలసీలో ఉన్న వృద్ధ తల్లిదండ్రుల పేర్లు ఆ దరఖాస్తులో రాయడం మరవకండి. దెబ్బ ముందు తగిలేది వాళ్లకే. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే పీఎఫ్ ద్వారా కుటుంబానికి అందే బీమా రక్షణ కూడా రాజీనామాతో ఆగిపోతుంది. ఇంటి రుణం ఉన్నవారికి సొంత టర్మ్ పాలసీ (మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే విరామం గురించి ఆలోచించే సమయం ఇంకా రాలేదనే నా అభిప్రాయం.

చేతిలో ఎంత ఉండాలి? విరామం అనుకున్న నెలలకు మరో 6 కలపండి. కొత్త ఉద్యోగం దొరకడానికి పట్టే కాలం, మొదటి జీతం వచ్చేదాకా ఆగే నెల అందులో ఉంటాయి. నెల ఖర్చు ఒక్కటే లెక్కేస్తే తప్పుతుంది. పిల్లల ఫీజులు, బీమా ప్రీమియాలు, ఇంటి పన్ను వంటి ఏడాదికోసారి కట్టేవన్నీ కూడి 12తో భాగించి నెల ఖర్చుకు కలపాలి. ముందే మానేస్తే జాయినింగ్ బోనస్ (చేరినప్పుడు ఇచ్చిన బోనస్) తిరిగి కట్టాల్సిన షరతు ఉందేమో నియామక పత్రంలో చూసుకోండి.

గర్భిణులకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రసవం అంచనా తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధమైన హక్కు. సెలవు వాడుకోకుండా ముందే రాజీనామా చేయమని ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు.

రాజీనామాకు ముందు జీతం లేని సెలవు అడిగి చూడాలి. మూడు నుంచి ఆరు నెలల సెలవు ఇచ్చే సంస్థలున్నాయి. అనుమతించిన సెలవు సర్వీసును తెంచదు. గ్రూపు బీమా కొనసాగుతుందా, తిరిగొచ్చాక అదే హోదా ఉంటుందా అన్నవి మాత్రం ఈమెయిల్లో రాయించుకోవాలి. నోటి మాట ఇచ్చిన మేనేజరు ఆరు నెలలకు అక్కడ ఉంటారన్న హామీ లేదు.

సంస్థల యాజమాన్యాలకు ఒక విన్నపం. రాజీనామా అందిన రోజే ఉద్యోగికి ఒక కాగితం ఇవ్వండి. గ్రాట్యుటీకి ఇంకా ఎన్ని రోజులు తక్కువ, బీమా ఏ తేదీన ఆగుతుంది, వ్యక్తిగత పాలసీకి ఎవరిని సంప్రదించాలి, పెన్షన్ సర్వీసు ఎంత అన్న నాలుగు వివరాలు అందులో ఉంటే చాలు. అవన్నీ మీ జీతాల విభాగం దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

ఇట్లు,
జీతాల విభాగంలో పనిచేసే ఒక పాఠకుడు