చప్పుడు చేయని మార్పుల సంగతేంటి?

సంపాదకులు గారికి,

మోతలు పెట్టే సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించిన ఫొటో మీ పేపర్లో చూశాను. మంచి పనే. ఆ బళ్లు మా షాపు ముందు నుంచి పోతుంటే ఫోన్‌లో అవతలివాళ్ల మాట నాకు వినపడదు. కానీ విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా బుల్లెట్లు విప్పి బిగిస్తున్నవాడిగా నాకొక బెంగ ఉంది. ముందు ఫోర్కులు (చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే పైపులు) వెడల్పు చేయించి లావు టైరు ఎక్కించిన బండి కూడా అదే రోడ్డు మీద, అదే పోలీసు పక్క నుంచి పోతోంది. చప్పుడు చేయదు కాబట్టి దాన్ని ఎవరూ ఆపరు.

నీతులు చెబుతున్నానని అనుకోకండి. అలాంటి బండి నేనూ ఒకటి చేశాను.

2017లో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 తెచ్చాడు. ఫోన్‌లో హార్లే ఫ్యాట్ బాయ్ అనే లావు టైర్ల అమెరికా బండి ఫొటో చూపించి, "అన్నా, ఎదురుగా వస్తుంటే నా బండి ఇలా కనపడాలి" అన్నాడు. థండర్‌బర్డ్‌కి కంపెనీ ఇచ్చిన ముందు టైరు 90/90-19. సన్నగా, ఎత్తుగా ఉంటుంది. వాడు అడిగింది బజాజ్ అవెంజర్ బండి లావుపాటి వెనక టైరు, 130/90-15. అది ఫోర్క్ పైపుల మధ్య పట్టదు. పట్టించాలంటే ఆ పైపుల్ని పైనా కిందా పట్టుకునే ప్లేట్లు (మేం టీ అంటాం) వెడల్పువి చేయించాలి. యాక్సిల్ పొడుగుది కావాలి, రెండు పక్కలా బుష్‌లు తిప్పించాలి, బ్రేక్ డిస్క్ మళ్లీ దాన్ని నొక్కే కాలిపర్‌కి సరిగ్గా మధ్యలోకి రావాలి, మడ్‌గార్డ్ ఎలాగూ కొత్తదే. వద్దని పంపించేశాను. వారం తిరక్కుండా వాళ్ల మామయ్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒప్పుకున్నాను. డబ్బు కోసమే అంటే అబద్ధం, నాకూ ఒకసారి చేసి చూడాలని ఉంది.

లేత్ షాపులో 20 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు కోయించి, పాత టీ నుంచి తీసిన స్టెమ్‌ని (హ్యాండిల్ తిరిగే రాడ్డుని) దానికి వెల్డింగ్ పెట్టించాం. బండి చూడ్డానికి నిజంగానే దర్జాగా వచ్చింది. పక్క షాపుల వాళ్లంతా వచ్చి ఫొటోలు తీసుకున్నారు.

మేం చూడనిది ఒకటుంది. సైకిల్ చేతులు వదిలి తొక్కినా తిన్నగా ఎందుకు పోతుంది? హ్యాండిల్ తిరిగే రాడ్డు వాలుగా ఉంటుంది కదా, ఆ వాలునే నేల దాకా గీత గీస్తే, టైరు నేలను తాకే చోటు కంటే కాస్త ముందు తగులుతుంది. ఆ రెండింటి మధ్య దూరాన్ని ట్రయిల్ అంటారు. చక్రం పక్కకి తిరిగినా దానంతట అది తిన్నగా సర్దుకునేది చాలావరకు ఆ దూరం వల్ల. మేం పెట్టిన టైరు పాతదానికంటే 30 మిల్లీమీటర్లు పొట్టి, అంటే బండి ముందు భాగం 15 మిల్లీమీటర్లు దిగింది. కొత్త ప్లేట్లలో పైపుల బొక్కలు కూడా పాతవాటికంటే కొంచెం ముందుకి పడ్డాయి. రెండూ ట్రయిల్‌ని తగ్గించేవే. పైపుల మధ్య వెడల్పు పదిసార్లు కొలిచాం గానీ దీన్ని ఒక్కసారి కూడా లెక్క చూడలేదు. పైగా లావు టైరు బరువు ఒకటి. మలుపులో బ్రేక్ కొడితే బండి వాలనంటూ లేచి నిలబడేది. అలవాటైపోతుందిలే అనుకున్నాం.

పది నెలల తర్వాత గన్నవరం దాటాక హైవే మీద ఎనభైలో ఉండగా రోడ్డు అతుకు తగిలి హ్యాండిల్ ఊగడం మొదలైంది, ఆగలేదు. కుర్రాడికి కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ ఉంది కాబట్టి అంతటితో పోయింది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ముందు టైరు సైజు ఫొటో తీసుకుని వెళ్లాడు, క్లెయిమ్ రాలేదు. ఆయన్ని అనడానికేం లేదు.

ఆ టీ నేనే విప్పాను. వెల్డింగ్ చుట్టూ కిరోసిన్ రాసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాను. పగులు పట్టుకోవడానికి మాకు తెలిసిన పరీక్ష అదే. కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడి గీత తేలింది. స్టెమ్ చుట్టూ ముప్పావు వంతు తిరిగింది. మిగిలిన పావు కూడా విడిపోయి ఉంటే చక్రం ఒక దారిన, బండి ఒక దారిన పోయేవి. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

చట్టం లేదా అంటే ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్సీకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అంది. ఆ ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. అయినా పని ఆగలేదు. షట్టర్ సగం దించి చేస్తున్నారు, అంతే తేడా.

మా మేనల్లుడు స్టట్‌గార్ట్‌లో ఉంటాడు. అక్కడ ఇలాంటి మార్పు చేస్తే ట్యూఫ్ లాంటి తనిఖీ సంస్థకి బండి చూపించాలి, పాసైతే కాగితాల్లో రాస్తారు. మన దగ్గర కూడా దివ్యాంగుల స్కూటర్లకి పక్క చక్రాలు బిగిస్తే ఆర్టీవో ఆఫీసులో చూసి ఆర్సీలో ఎక్కిస్తున్నారు. అలాంటి కిటికీ ఒకటి ఫోర్కుల పనికీ పెట్టండి, ఫీజు ఎంతైనా తీసుకోండి. వెల్డింగ్ స్టెమ్ ఉంటే అక్కడే తిప్పి పంపేయండి.

అది వచ్చేదాకా, సైలెన్సర్ల కోసం బళ్లు ఆపినప్పుడే ముందు వైపు కూడా చూడమని పోలీసు వారికి మనవి. టైరు మీద అచ్చేసిన సైజు చదవడం, హ్యాండిల్ చివరిదాకా తిప్పి పైపు ట్యాంకుకి తగులుతుందేమో చూడటం, సెంటర్ స్టాండ్ వేసి చక్రం లేపి ఫోర్కుల కింది భాగం ముందుకూ వెనక్కూ ఊపడం. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) లూజుంటే చేతికే తెలిసిపోతుంది. ఎవరైనా వస్తే నేనే చూపిస్తాను. పగిలిన ఆ టీ మా షాపులో మేకుకి వేలాడుతూనే ఉంది, కావాలంటే పట్టుకెళ్లవచ్చు. ఆదివారం మాత్రం సెలవు.

ఇట్లు,
ఒక బుల్లెట్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ