కారు లేనోళ్ళకి గండికోట లేదా సార్?

సంపాదకులు గారికి,

పోయిన నెల ఆదివారం పేజీల్లో తక్కువ ఖర్చులో గండికోట అని వేసినారు కదా, ఫోటోలు బాగున్నాయి, కాదనను. కానీ మొదలే "కడప నుంచి కారులో బయల్దేరితే" అని పెట్టి, చివర్లో పార్కింగు ఎక్కడో కూడా చెప్పి, మధ్యలో బస్సు అనే మాట ఒక్కసారి కూడా రాయలేదు. కారు ఉన్నోడికి తక్కువ ఖర్చు ఎందుకు సార్? అప్పుడే రాద్దామనుకున్నా, ఇంట్లో పెండ్లి పనుల్లో పడి ఆగిపోయినా. ఈలోపు ఆ పేజీ కత్తిరించి జేబులో పెట్టుకొని నేనూ మా ఇంటామె పోయొచ్చినాం కూడా, కాబట్టి ఇప్పుడు కోపం ఇంకా ఎక్కువుంది.

తెల్లారుజామున చిత్రాన్నం కట్టుకొని బస్సెక్కినాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్ళకి బస్సు ఫ్రీ కాబట్టి ఆమెకి సున్నా టికెట్టు, డబ్బులు నాకొక్కడికే, దారి పొడుగునా నన్ను చూసి నవ్వుతానే ఉండె. జమ్మలమడుగు దాకా ఏ ఇబ్బందీ లేదు. 2016లో ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకి రైలు లైను పడింది, జమ్మలమడుగులో స్టేషను కూడా ఉంది, అదీ మీ వ్యాసంలో లేదు. తిప్పలంతా ఆ చివరి 15 కిలోమీటర్లే. కోటకి బస్సు ఎన్నింటికి అని ఎంక్వైరీ కిటికీలో అడిగితే (ఏ ఊరి బస్టాండో రాయను, అన్ని చోట్లా ఇదే కథ) ఆయన ఫోన్లోంచి తలకాయ ఎత్తకుండా పక్కన అడగండి అన్నాడు. పక్కన ఉండేది శెనక్కాయల బండి. నమ్మండి సార్, ఆ బండాయనే సరిగ్గా చెప్పినాడు, బస్సు పోయి పది నిమిషాలైంది అని! గోడ మీద టైమింగుల బోర్డు ఉంది, దాని మీద కోచింగ్ సెంటరు పోస్టరు అంటించి ఉంది.

ఆటో ఆయన రానుపోను 900 అన్నాడు. అదృష్టం బాగుండి తాడిపత్రి నుంచి వచ్చిన కాలేజీ పిల్లోళ్ళు నలుగురు కలిస్తే తలా 150 వేసుకొని పోయినాం. ఎర్రమల కొండని పెన్న నిలువునా కోసి పెట్టిన ఆ గండి అంచున కూర్చొని చిత్రాన్నం తింటా ఉంటే కోపం కాసేపు యాడికి పోయిందో. లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యం కొట్టు అన్నీ నడిచి చూసేవే, కారుతో పనే లేదు. కానీ గండి చూడాల్సింది పొద్దు గూకేటప్పుడు కదా, మా ఆటో ఆయన నాలుక్కే హారన్ కొట్టడం మొదలుపెట్టె. సూర్యాస్తమయం మీ ఫోటోలోనే చూసుకున్నాం.

2024లో కేంద్రం ఒక్క గండికోటకే దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. ఆ కోట్లతో ఏం కడతారో కట్టుకోండి, శని ఆదివారాలు పొద్దున రెండు, సాయంత్రం చీకటి పడినాక రెండు బస్సులు వేస్తే ఏం పోతాది? ఈ జిల్లాకి 2010లో ఒకసారి, 2025లో ఇంకోసారి పేరు మార్చినారు, మార్చినప్పుడల్లా ఆఫీసుల ముందర కొత్త బోర్డులు. బోర్డు రాయడానికి పెయింటరు ఉన్నాడనే కదా అర్థం, ఆయన్నే ఒక పూట బస్టాండుకి కూడా పంపండి. ఇంతకుముందు కండక్టర్లకి చుట్టుపక్కల బస్సులన్నీ నోటికొచ్చేవి, ఇప్పుడు ఎవర్నడిగినా ఆన్‌లైన్లో చూసుకో అంటారు, ఆన్‌లైన్లో చూస్తే పల్లె బస్సు కనపడదు.

గండికోట ఒక్కటే కాదు. బద్వేలు రోడ్డులో సిద్ధవటం ఉంది, పెన్న ఒడ్డునే కోట, కడప నుంచి పొద్దున పోయి మధ్యాన్నం అన్నానికి ఇంటికి రావచ్చు. ఆ పక్కనే లంకమల అడవి. లోకంలో ఇంక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనపడింది అక్కడే, ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలవనే పక్కకి తిప్పినారు. పిట్ట కోసం కాలవ తిరిగింది, మనుషుల కోసం బస్సు తిరగదు. అడవి లోపలికి పర్మిషన్ లేకుండా పోనియ్యరు, ఎర్రచందనం ఉన్న చోట అది ఉండాల్సిందే, కానీ ఆ పర్మిషన్ ఎవర్ని అడగాలో రోడ్డు పక్కన ఒక బోర్డు పెట్టొచ్చు కదా. మళ్ళీ బోర్డు దగ్గరికే వచ్చినా.

వచ్చే ఆదివారం మేము సిద్ధవటం పోతున్నాం, బస్సులోనే. మీ విలేకరిని కూడా రమ్మనండి, చిత్రాన్నం మేమే తెస్తాం, ఆయన తిరుగు బస్సు టైము కనుక్కొని వస్తే చాలు.

ఇట్లు
మీ పాత చందాదారుడు,
ఎర్రముక్కపల్లె, కడప