చీటీ చూశారు, పొట్ట చూడలేదు: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మకు షుగర్ వచ్చి 14 ఏళ్లు. అయిదేళ్లుగా పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటోంది. నెలకోసారి సర్కారు దవాఖానకు పోతుంది. పోయే ముందు రోజు మాత్రం మధ్యాహ్నం సగం జొన్నరొట్టె, రాత్రికి గ్లాసు మజ్జిగ, అంతే. తెల్లారి పరగడుపున వేలికి గుచ్చితే 118. "బాగుందమ్మా, ఇదే మందు కంటిన్యూ చెయ్యి" అంటారు. అమ్మ పరీక్ష పాసైన పిల్లలా ఇంటికొస్తుంది.

మొన్న సంక్రాంతికి అరికాళ్ల మంటలు ఎక్కువైతే ప్రైవేటు ల్యాబులో హెచ్‌బీఏ1సీ చేయించాను. 10.4 వచ్చింది. అంటే రెండు మూడు నెలలుగా అమ్మ ఒంట్లో షుగర్ సగటున 250 దాకా ఉందన్నమాట. మామూలుగా ఇది 7 లోపు ఉండాలంటారు, వయసు పైబడితే డాక్టర్లు 8 దాకా ఒప్పుకుంటారు. పదిన్నరకు ఎవరూ ఒప్పుకోరు.

కారణం కనిపెట్టింది ఒక నర్సు. "ఇంజెక్షన్ ఎక్కడ వేసుకుంటున్నవ్ పెద్దమ్మా?" అని అడిగి, చీర కాస్త జరిపించి, బొడ్డు పక్కన వేళ్లతో తడిమింది. నిమ్మకాయంత మెత్తటి గడ్డ. అయిదేళ్లుగా అమ్మ అక్కడే గుచ్చుకుంటోంది. "ఆడ గుచ్చుకుంటే నొప్పి తెల్వదు బిడ్డా" అంది. అలాంటి గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒకరోజు ఒంటికి ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదట. నర్సు చోటు మార్పించింది. మంచి చోట వేస్తే మందు గట్టిగా పనిచేసి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చని, డాక్టరును అడిగి డోసు కూడా తగ్గించింది. మొత్తం పట్టింది పది నిమిషాలు.

దవాఖాన వాళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు సార్. ఓపీలో అమ్మ వెనకాల ఉన్న లైను నేనూ చూశాను. నా ప్రశ్న వేరు. దేశమంతా షుగర్ మీద చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఏడున్నర కోట్ల మంది బీపీ, షుగర్ రోగులను 2025 నాటికి ప్రామాణిక చికిత్స కిందికి తేవాలని కేంద్రం 2023లోనే లక్ష్యం పెట్టుకుంది. చికిత్స కిందికి వచ్చినట్టంటే మందు అందినట్టా, షుగర్ అదుపులోకి వచ్చినట్టా? మందు అందడమే లెక్కయితే మా అమ్మ ఎప్పుడో ఆ లెక్కలో ఉంది.

తిండి సంగతీ అంతే. "అన్నం మానెయ్యి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నది మీరే, ఆ బియ్యం మంచివే కూడా. మానెయ్యమనే బదులు ఎంత తినాలో, పళ్లెంలో కూర ఎంత పెట్టుకోవాలో చూపిస్తే ఆమె వింటుంది. జొన్నరొట్టె తింటే షుగర్ పెరగదని మా ఊళ్లో అందరి నమ్మకం. నాలుగు రొట్టెలు తింటే ఎందుకు పెరగదు?

కొత్త ఆసుపత్రి కట్టమని అడగడం లేదు. రక్తం శాంపిల్ పీహెచ్‌సీ నుంచి జిల్లా ల్యాబు (హబ్)కి వెళ్లి రిపోర్టు ఫోనుకి వచ్చే తెలంగాణ డయాగ్నస్టిక్స్ మనకు ఉంది. షుగర్ అదుపులో లేనివాళ్లకు మూడు నెలలకోసారి, ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ శాంపిల్ తప్పకుండా దాని ద్వారా పోయేలా చూడండి. ప్రతి పీహెచ్‌సీలో ఒక నర్సుకు శిక్షణ ఇచ్చి, వారంలో ఒక పూట షుగర్ వాళ్లకే కేటాయించండి. ఆ పూట ఇంజెక్షన్ వేసే చోటు తడమాలి, చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. సిరంజీ కూడా చూడాలి. సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందు ఉండి, చేతిలో మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు కోసం చేసిన సిరంజీ ఉంటే, గీతలు చూసి తీసినా ఒంట్లోకి పోయేది సగం కన్నా తక్కువే.

మొన్న ఏప్రిల్‌లో మళ్లీ చేయిస్తే అమ్మకు 8.1 వచ్చింది. ముందు రోజు పస్తుండబోతే నేనే ఆపాను. ఇది పస్తులకు లొంగే పరీక్ష కాదని చెబితే, "మరి ఇన్నేండ్లు నన్నెందుకు ఉపాసముంచిండ్రు?" అంది.

ఇట్లు,
ఒక షుగర్ పేషెంట్ కూతురు,
నల్గొండ జిల్లా